ఆర్‌ఎన్‌ఏఐ మీద పీహెచ్‌డీ చేయాలా? చేయండి, కానీ ముందు వైరస్‌ని నేర్చుకోండి

ప్రశ్న క్లుప్తంగా ఇది: వైరాలజీ ల్యాబ్‌లో పీహెచ్‌డీ సీటు వచ్చింది, టాపిక్ ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫియరెన్స్ (ఆర్‌ఎన్‌ఏఐ), అంటే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కల సాయంతో ఒక జన్యువును మూగబోయేలా, పనిచేయకుండా చేయడం. నోబెల్ ఎప్పుడో ఇచ్చేశారు, మందులూ వచ్చేశాయి, ఇప్పుడంతా జన్యువునే కోసి మార్చే క్రిస్పర్ కాలం, ఇందులో ఇంకేం మిగిలిందని సీనియర్లు అంటున్నారు. ఈ రంగంలో శాస్త్రవేత్త జీవితం ఎలా సాగుతుంది, చేరాలా వద్దా అని మీ టెన్షన్.

నేను ఇరవై రెండేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. పీహెచ్‌డీ మొక్కల వైరస్‌ల మీద, పోస్ట్‌డాక్ జంతు కణాల్లో పెరిగే వైరస్‌ల మీద చేశాను. చేరమనే చెబుతాను, ఒక షరతుతో. ఆర్‌ఎన్‌ఏఐ అనే టెక్నిక్ నేర్చుకుందామని వెళ్తుంటే మీ సీనియర్లు చెప్పింది నిజమే. అది ఆరు నెలల్లో వచ్చేస్తుంది, రియేజెంట్లు కొనుక్కుని ఎవరైనా చేస్తారు. ఒక వైరస్‌ని ఎంచుకుని, అది కణంలోకి దిగిన క్షణం నుంచి బయటపడే దాకా ఏం చేస్తుందో తెలుసుకోవాలని వెళ్తుంటే మాత్రం పని ఒక జీవితానికి సరిపడా ఉంది. ఎందుకంటే ఆర్‌ఎన్‌ఏఐ మన కోసం పుట్టిన పనిముట్టు కాదు. మొక్కల్లో, పురుగుల్లో అది వైరస్‌కి కణం చెప్పే జవాబు. ఎదుటివాడు తెలియకుండా జవాబు అర్థం కాదు.

ఈ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1928లో అమెరికాలో వింగార్డ్ అనే శాస్త్రవేత్త పొగాకు మొక్కలకు రింగ్‌స్పాట్ వైరస్ ఎక్కించిన ప్రయోగాన్ని ప్రచురించారు. కింది ఆకుల నిండా వలయాల్లాంటి మచ్చలు వచ్చాయి. తర్వాత పైన వేసిన కొత్త ఆకులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఆ ఆకుల మీద అదే వైరస్ మళ్లీ రుద్దినా జబ్బు రాలేదు. మొక్కకు యాంటీబాడీలు లేవు, రక్తం లేదు. మరి ఎలా కోలుకుంది? దాదాపు 70 ఏళ్లు దీనికి సరైన వివరణ లేదు. 1997లో రాట్‌క్లిఫ్, హారిసన్, బౌల్‌కూంబ్ కలిసి ఆ వైరస్‌కి దగ్గర బంధువైన టొమాటో బ్లాక్ రింగ్ వైరస్‌తో ఇలాంటి ప్రయోగమే చేశారు. కోలుకున్న ఆకు వైరస్ ఆర్‌ఎన్‌ఏలోని అక్షరాల వరసను గుర్తుపట్టి, అదే వరస ఉన్న ఆర్‌ఎన్‌ఏని అడ్డుకుంటోందని చూపించారు. పాత వ్యాసంలో ఎవరూ విప్పలేని ముడి ఒకటి ఉంటే దాన్ని గుర్తుంచుకోండి. మా రంగంలో అలాంటివి ఊరికే పోలేదు.

డేవిడ్ బౌల్‌కూంబ్ దారినే ఉదాహరణగా చూడండి. లీడ్స్‌లో వృక్షశాస్త్రం చదివారు, ఎడిన్‌బరోలో పీహెచ్‌డీ చేశారు, మాంట్రియల్‌లో, జార్జియాలో పోస్ట్‌డాక్. 1980లో కేంబ్రిడ్జ్‌లోని ప్లాంట్ బ్రీడింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరినప్పుడు ఆయన పని వైరస్‌ల మీద కాదు, గోధుమ గింజలో హార్మోన్‌కి స్పందించే జన్యువుల మీద. వైరస్‌ల వైపు తర్వాత మళ్లారు. 1988లో నారిచ్‌లోని సెయిన్స్‌బరీ లాబొరేటరీకి వెళ్లాక పొటాటో వైరస్ ఎక్స్ పట్టుకున్నారు. వైరస్ జన్యువు ముక్కను మొక్కలో పెడితే మొక్కకు ఆ వైరస్ సోకకుండా ఉంటుందని అప్పటికే తెలుసు. ముక్క ఎంత ఎక్కువగా పనిచేస్తే రక్షణ అంత ఎక్కువ ఉండాలని అందరి అంచనా. ఫలితం తలకిందులుగా వచ్చింది. జన్యువు దాదాపు మూగబోయిన మొక్కలే వైరస్‌ని గట్టిగా తట్టుకున్నాయి. ఇలాంటి ఫలితం వస్తే మనలో చాలామంది ప్రయోగం పాడైందనుకుని మళ్లీ మొదలుపెడతాం. ఆ ల్యాబ్ దాన్నే పట్టుకుని కూర్చుంది. 1999లో ఆండ్రూ హామిల్టన్, బౌల్‌కూంబ్ ఆ మొక్కల్లో సుమారు 25 న్యూక్లియోటైడ్ల (అంటే 25 అక్షరాల) పొడవున్న చిన్న ఆర్‌ఎన్‌ఏలు కనిపెట్టారు. వైరస్ సోకిన మొక్కల్లో కూడా అవే దొరికాయి.

దానికి ముందు ఏడాది, 1998లో, ఫైర్, మెలో నులిపురుగుల్లో రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ జన్యువును ఎలా మూగబోయేలా చేస్తుందో చూపించారు. 2006 నోబెల్ వాళ్లిద్దరికీ వచ్చింది. బౌల్‌కూంబ్‌కి 2008లో లాస్కర్ పురస్కారం, 2010లో వుల్ఫ్ పురస్కారం వచ్చాయి. నోబెల్ ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదనే చర్చ విద్యార్థులకు భలే ఇష్టం. దాని మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. నన్ను ఇప్పటికీ కదిలించేది ఆ 25 న్యూక్లియోటైడ్ల సంగతి. చిన్న ఆర్‌ఎన్‌ఏలు మొక్కలో ఎప్పటి నుంచో ఉన్నాయి. ఆర్‌ఎన్‌ఏలను పొడవు ప్రకారం వేరు చేసే మామూలు జెల్ నడిపితే అంత చిన్నవి కిందికి జారి బయటకు పోతాయి. ఎవరూ చూడలేదు కాబట్టి ఎవరికీ కనిపించలేదు.

ఈ పాఠం పుస్తకంలో చదివిన తర్వాత కూడా నేను అదే గోతిలో పడ్డాను. పీహెచ్‌డీ రెండో ఏట ఎనిమిది నెలలు చిన్న ఆర్‌ఎన్‌ఏల కోసం నార్తర్న్ బ్లాట్లు (కావాల్సిన ఆర్‌ఎన్‌ఏ ఉంటే ఫిల్మ్ మీద గీతగా చూపే పరీక్ష) చేశాను. ఒక్క గీత రాలేదు. ప్రోబ్ మార్చాను, రేడియోయాక్టివ్ ఫాస్ఫరస్ కొత్తది తెప్పించాను, యూరియా జెల్ కొలతలన్నీ మళ్లీ సరిచూసుకున్నాను. చివరికి తెలిసిందేమిటంటే, ఆర్‌ఎన్‌ఏ తీయడానికి వాడుతున్న కాలమ్ కిట్ 200 న్యూక్లియోటైడ్ల కంటే చిన్నవాటిని పట్టి ఉంచదు. నేను వెతుకుతున్నది మొదటి రోజు నుంచీ వాష్ నీళ్లలో పారబోస్తున్నాను. పాత పద్ధతిలో ఫీనాల్‌తో తీసి, ఇథనాల్‌తో కిందికి దింపాక మొదటి బ్లాట్‌లోనే 21 దగ్గర నల్లటి గీత వచ్చింది. ఆ ఫిల్మ్ ఇప్పటికీ దాచుకున్నాను. మీరు వాడే ప్రతి కిట్‌లో ఏముందో, ఏది ఉంచుతుందో, ఏది పారేస్తుందో చదవండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కణం దగ్గర ఈ ఆయుధం ఉంటే వైరస్‌లు ఇన్ని కోట్ల ఏళ్లు ఎలా బతికాయి? వైరస్ తన ఆర్‌ఎన్‌ఏని కాపీ చేసుకునేటప్పుడు రెండు పోగుల రూపం వస్తుంది. డైసర్ అనే ఎంజైమ్ దాన్ని చిన్న ముక్కలుగా కోస్తుంది. ఆర్గొనాట్ అనే ప్రోటీన్ అందులో ఒక పోగును పట్టుకుని, దానికి సరిపడే వైరస్ ఆర్‌ఎన్‌ఏని వెతికి తుంచేస్తుంది. ఇంత పకడ్బందీ ఏర్పాటు ఉన్నా పంటలు వైరస్‌లతో మాడిపోతూనే ఉన్నాయి. జవాబు 1998లో వచ్చింది. పొటాటో వైరస్ ఎక్స్ ఒక్కటే సోకితే మొక్కకు జబ్బు ఒక మోస్తరుగానే ఉంటుంది. దానికి పోటీవైరస్ (Potyvirus) అనే ఇంకో రకం మొక్కల వైరస్ తోడైతే మొక్క ఘోరంగా దెబ్బతింటుంది. ఇది ఎప్పటి నుంచో తెలిసిన విషయమే. ఎందుకలా అని వెతికిన విక్కీ వాన్స్ ల్యాబ్‌లో ఆర్. ఆనందలక్ష్మి తదితరులు, వేరుగా కాషౌ, కారింగ్టన్, పోటీవైరస్‌లోని హెచ్‌సీ-ప్రో అనే ప్రోటీన్ కణం రక్షణనే ఆపేస్తోందని చూపించారు. అంటే ఆ జంటలో ఒక వైరస్ తలుపు తీస్తే రెండోది కూడా లోపలికి నడిచి వస్తోందన్నమాట.

ఇలాంటి అణచివేత ప్రోటీన్ ఒక్కదాన్ని పట్టుకుని ఎంత దూరం పోవచ్చో షౌ-వీ డింగ్ పరిశోధనలో చూడొచ్చు. 1994లో ఆయన బృందం కుకుంబర్ మొజాయిక్ వైరస్‌లో 2బి అనే చిన్న జన్యువును వర్ణించింది. అది మరో జన్యువు మీద కొంత భాగం పరుచుకుని ఉంటుంది కాబట్టి అంతకుముందు ఎవరి కంటా పడలేదు. 1998లో 2బి కూడా రక్షణను అణిచే ప్రోటీనే అని తేలింది. 2002లో డింగ్ బృందమే పురుగులకు సోకే ఫ్లాక్ హౌస్ వైరస్‌లోని బి2 ప్రోటీన్ పురుగు కణాల్లో అదే పని చేస్తుందని చూపింది. దాంతో ఆర్‌ఎన్‌ఏఐ జంతువుల్లో కూడా వైరస్‌ల నుంచి కాపాడే రక్షణ అని తెలిసింది. 2013లో అదే బృందం ఎలుక పిల్లల్లో నోడమూరా వైరస్‌తో ఈ ప్రశ్నే అడిగింది. దోసకాయ వైరస్ నుంచి ఎలుక దాకా దాదాపు ఇరవై ఏళ్లు, ప్రశ్న ఒకటే. కెరీర్ ఎలా సాగుతుందని మీరు అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఇదే. జీవులు మారాయి, దేశాలు మారాయి, టెక్నిక్కులు పూర్తిగా మారాయి.

టొంబస్‌వైరస్ అనే మొక్కల వైరస్‌లోని అణచివేత ప్రోటీన్ పి19 గురించి చెప్పకుండా ముందుకు పోలేను, నాకు అంత ఇష్టం. 2003లో రెండు బృందాలు దాని నిర్మాణాన్ని ప్రచురించాయి. రెండు పి19లు కలిసి చిన్న ఆర్‌ఎన్‌ఏ జంటను రెండు చివర్లా పట్టుకుని పొడవు కొలుస్తాయి, కొలత పరికరం దవడల్లాగా. దాదాపు 21 ఉంటేనే గట్టిగా పట్టు, పొడవు తేడా వస్తే పట్టు సడలుతుంది. అక్షరాల వరసతో దానికి పని లేదు. కణం ఆయుధం ఎంత పొడవుంటుందో వైరస్ కనిపెట్టి, సరిగ్గా ఆ కొలతకు ఉచ్చు తయారు చేసుకుంది. పచ్చగా మెరిసే జీఎఫ్‌పీ ప్రోటీన్ ఉన్న నికోటియానా బెంథామియానా (పొగాకు జాతి మొక్క) ఆకులో ఈ పోరాటాన్ని కళ్లారా చూడొచ్చు. అల్ట్రావయొలెట్ లైటు కింద పెడితే జీఎఫ్‌పీ మూగబోయిన చోట ఆకు క్లోరోఫిల్ వల్ల ఎర్రగా కనబడుతుంది. పి19 ఇచ్చిన చోట పచ్చదనం అలాగే నిలుస్తుంది. మీరు జంతు వైరస్‌ల ల్యాబ్‌లో చేరినా సరే, ఒక్కసారి మొక్కల ల్యాబ్‌కి వెళ్లి ఆ ఆకు చూసి రండి.

మనుషుల కణాల దగ్గరకు వస్తే లెక్క మారుతుంది. మీరు ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. మన కణాల్లోకి 30 అక్షరాల జతల కంటే పొడవైన రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ వెళ్తే, వైరస్ వచ్చిందని హెచ్చరించే ఇంటర్‌ఫెరాన్ వ్యవస్థ మేలుకుని మొత్తం ప్రోటీన్ తయారీనే ఆపేస్తుంది. ఒక్క జన్యువును ఆపాలనుకున్నవాళ్లకు ఇది పెద్ద అడ్డంకి. 2001లో తుష్ల్ బృందం 21 న్యూక్లియోటైడ్ల చిన్న జంటలను (వీటినే ఎస్‌ఐ ఆర్‌ఎన్‌ఏ అంటారు) నేరుగా ఇచ్చి దీన్ని దాటింది. ఆ పొడవు ఇంటర్‌ఫెరాన్ కంట పడదని అందరం అనుకున్నాం, నిశ్చింతగా పనిలో దిగాం.

పోస్ట్‌డాక్‌లో మొదటి ఏడాది నేను ఒక వైరస్ మీద ఎస్‌ఐ ఆర్‌ఎన్‌ఏ వేస్తే ప్లాక్‌ల (వైరస్ కణాలను చంపిన చోట వచ్చే మచ్చల) సంఖ్య పదో వంతుకు పడిపోయింది. సంతోషం పట్టలేక పేపర్ సగం రాసేశాను. ఖర్చు తగ్గుతుందని ఆ ఎస్‌ఐ ఆర్‌ఎన్‌ఏని టీ7 అనే ఆర్‌ఎన్‌ఏ తయారు చేసే ఎంజైమ్‌తో మా ల్యాబ్‌లోనే తయారు చేసుకున్నాం. పోల్చి చూడటానికి కంట్రోల్‌గా నేను వాడింది ఆర్‌ఎన్‌ఏని కణంలోకి చేర్చే ఉత్త ట్రాన్స్‌ఫెక్షన్ రియేజెంట్ మాత్రమే. మా గైడ్ ఒకే ఒక్క ప్రశ్న వేశారు: "వైరస్‌తో సంబంధం లేని వరసను కూడా ఇలాగే టీ7తో చేసి వేశావా?" వేసి చూస్తే అది కూడా వైరస్‌ని అంతే తగ్గించింది. టీ7 తయారు చేసిన ఆర్‌ఎన్‌ఏకి ఒక చివర మూడు ఫాస్ఫేట్లు ఉంటాయి, దాన్ని చూసి కణం వైరస్ వచ్చిందనుకుని ఇంటర్‌ఫెరాన్ విడుదల చేస్తుంది. ఇంటర్‌ఫెరాన్ తయారు చేసుకోలేని వీరో కణాల్లో అదే ప్రయోగం చేస్తే ప్రభావం మొత్తం మాయమైంది. ఆ పేపర్ బయటకు వెళ్లలేదు. వారం రోజులు ల్యాబ్‌లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేకపోయాను. కానీ ఆ గైడ్ అడిగిన ప్రశ్నకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

ఇది నా ఒక్కడి తప్పు కూడా కాదు. కంటి జబ్బు అయిన మాక్యులర్ డీజెనరేషన్‌కి ఎస్‌ఐ ఆర్‌ఎన్‌ఏ మందులు క్లినికల్ ట్రయల్స్‌లో ఉండగా, 2008లో ఎలుకల్లో చేసిన ఒక పరిశోధన అక్షరాల వరసతో సంబంధం లేకుండా ఏ ఎస్‌ఐ ఆర్‌ఎన్‌ఏ అయినా టీఎల్‌ఆర్3 అనే గ్రాహకం ద్వారా రక్తనాళాల పెరుగుదలను ఆపగలదని చూపించింది. అప్పటి నుంచి నా విద్యార్థులకు ఒకటే నియమం. ఒక జన్యువుకు కనీసం రెండు వేర్వేరు ఎస్‌ఐ ఆర్‌ఎన్‌ఏలు, అదే పద్ధతిలో తయారైన సంబంధం లేని వరస, ఇంటర్‌ఫెరాన్ కొలత, చివరగా ఎస్‌ఐ ఆర్‌ఎన్‌ఏకి దొరకకుండా అక్షరాలు మార్చిన జన్యువును తిరిగి పెట్టి ప్రభావం పోయిందో లేదో చూడటం. ఇవన్నీ లేకుండా "తగ్గింది" అనే మాట నా ముందు అనొద్దని చెబుతాను.

మందులు వచ్చేశాయి కదా అన్నారు. వచ్చాయి. 2018లో పటిసిరాన్ మొదటిది, 2019లో గివోసిరాన్. అంతకుముందు పెద్ద కంపెనీలు ఈ దారి వదిలేసిన కాలం కూడా ఉంది, 2010లో రోష్ తప్పుకుంది. కానీ ఆ మొదటి మందుల్లో ఒక్కటి కూడా వైరస్ జబ్బుకు కాదని గమనించారా? వాటి గురి కాలేయంలో తయారయ్యే మన సొంత ప్రోటీన్ల మీద. మన జన్యువు నిలకడగా ఉంటుంది, వైరస్ ఉండదు. 2002లోనే పోలియోవైరస్ మీద ఎస్‌ఐ ఆర్‌ఎన్‌ఏ వాడినప్పుడు గురిపెట్టిన చోట ఒక్క అక్షరం మారిన వైరస్ తప్పించుకోగలదని తేలింది. హెచ్‌ఐవీలోనూ అంతే జరిగింది. హెపటైటిస్ సి వైరస్ ఇంకో అడుగు ముందుకు వేసి, మన కాలేయంలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏ-122ని తన ఎదుగుదలకే వాడుకుంటుందని 2005లో బయటపడింది. చిన్న ఆర్‌ఎన్‌ఏ అంటే వైరస్‌కి శత్రువే అనుకునేవాళ్లకు ఇది ఊహించని సంగతి.

హెపటైటిస్ బి కథ అయితే మీ ప్రశ్నకు సూటి జవాబు. ఏఆర్‌సీ-520 అనే ఎస్‌ఐ ఆర్‌ఎన్‌ఏ మందు కొందరు రోగుల్లో వైరస్ ఉపరితల ప్రోటీన్‌ని అనుకున్నంత తగ్గించలేకపోయింది. మందు పనిచేయలేదని ఫైలు మూసేయొచ్చు. ఆ శాస్త్రవేత్తలు ఎందుకని తవ్వారు. ఆ రోగుల్లో ప్రోటీన్ ఎక్కువగా వస్తున్నది వైరస్ సొంత డీఎన్‌ఏ నుంచి కాదు, రోగి క్రోమోజోమ్‌లలో అతుక్కుపోయిన వైరస్ ముక్కల నుంచి. మందు గురిపెట్టిన భాగం ఆ ముక్కల్లో తెగిపోయి ఉంది. 2017లో వచ్చిన ఈ పరిశోధన తర్వాత హెపటైటిస్ బి చికిత్స గురించి ఆలోచించే తీరే మారింది. ఆ జవాబు దొరికింది వైరస్ జీవితచక్రం తెలిసినవాళ్లు ఆ బృందంలో ఉండబట్టే.

క్రిస్పర్ సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. అది డీఎన్‌ఏని శాశ్వతంగా కోస్తుంది, ఇది ఆర్‌ఎన్‌ఏని కొంతకాలం అణుస్తుంది. కణం బతకడానికి తప్పనిసరైన జన్యువును పూర్తిగా తీసేస్తే కణమే చచ్చిపోతుంది, అక్కడ అణచివేతే పనికొస్తుంది. రెండూ నేర్చుకోండి, ఇది పోటీ కాదు.

మిగిలిన పనేమిటంటే, వయసొచ్చిన క్షీరదాల మామూలు కణాల్లో ఆర్‌ఎన్‌ఏఐ నిజంగా వైరస్‌ని అడ్డుకుంటుందా అనే ప్రశ్న ఇంకా తేలలేదు. 2013లో వచ్చిన రెండు పేపర్ల (ఒకటి పైన చెప్పిన ఎలుక పిల్లలదే) తర్వాత ఔననేవాళ్లూ కాదనేవాళ్లూ గట్టి ఆధారాలతోనే వాదిస్తున్నారు. కాలేయం దాటి ఊపిరితిత్తులకో మెదడుకో ఎస్‌ఐ ఆర్‌ఎన్‌ఏని నమ్మకంగా చేర్చడం ఇప్పటికీ కష్టమే. మొక్కల్లో రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏని బంకమట్టి లాంటి సన్నని పలకలకు అంటించి ఆకుల మీద చల్లితే ఒక్క చల్లుకి 20 రోజుల దాకా వైరస్ నుంచి రక్షణ వచ్చిందని 2017లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు, జన్యుమార్పిడి అవసరం లేకుండానే. ఇంకొకటి నాకు మరీ అందంగా అనిపిస్తుంది. జబ్బుపడిన మొక్కలో కణం కోసిన చిన్న ఆర్‌ఎన్‌ఏలన్నీ చదివి, ముక్కలు అతికిస్తే, పేరు కూడా తెలియని కొత్త వైరస్ జన్యుక్రమం మొత్తం బయటపడుతుంది. నేరస్థుడు ఎవరో కణం ముందే రాసిపెట్టింది, మనం చదవడమే తరువాయి. దీనికి కంప్యూటర్ విశ్లేషణ రావాలి, మొదటి ఏడాదిలోనే నేర్చుకోండి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. 2015లో ఈ రంగంలో ఎంతో పేరున్న ఒక ల్యాబ్ పేపర్లలో జెల్ బొమ్మలు మార్చారని విచారణలో తేలింది, పేపర్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ ఫలితాల మీద ఆధారపడి పని చేస్తున్న విద్యార్థుల ఆందోళన నేను దగ్గరగా చూశాను. ప్రతి బ్లాట్ అసలు ఫైలు తేదీతో సహా దాచండి. కత్తిరించని బొమ్మ చూపించమని ఎవరడిగినా ఐదు నిమిషాల్లో చూపగలిగేలా ఉండాలి.

చేరే ముందు ఆ ల్యాబ్‌లో మూడో ఏట ఉన్న విద్యార్థితో మాట్లాడండి. గైడ్ ఎన్ని పేపర్లు వేశారని అడక్కండి. అనుకోని ఫలితం వస్తే ఆ గైడ్ ఏమంటారో అడగండి. "మళ్లీ చెయ్, సరిగ్గా వస్తుంది" అనే ల్యాబ్ ఒకటి, "ఇలా ఎందుకొచ్చింది, కూర్చుని చూద్దాం" అనే ల్యాబ్ ఇంకొకటి. రెండో దానిలో స్టైపెండ్ ఆలస్యమైనా పరికరాలు పాతవైనా నేనైతే చేరతాను. మొదటి ఆరు నెలలు ఆర్‌ఎన్‌ఏఐ జోలికి వెళ్లకుండా వైరస్ పెంచడం, టైటర్ (ద్రవంలో వైరస్ ఎంత ఉందో ఆ లెక్క) కొలవడం, ప్లాక్ అస్సే చేతికి అలవాటు చేసుకోవడం చేయనివ్వమని గైడ్‌ని అడగండి. మూడు వేర్వేరు రోజుల్లో చేసిన టైటర్లు ఒకదానికొకటి దగ్గరగా వచ్చేదాకా ఏ ఎస్‌ఐ ఆర్‌ఎన్‌ఏ ఫలితాన్నీ నమ్మొద్దు.

మీకిచ్చిన వైరస్ ఏది, ఏ కణాల్లో పెంచుతారు, ఆ కణాలకు ఇంటర్‌ఫెరాన్ ఉందా లేదా అన్నది ఇక్కడే రాయండి. ఆ వైరస్‌కి అణచివేత ప్రోటీన్ ఉన్నట్టు ఇప్పటికే తెలిసి ఉంటే మొదటి ప్రయోగం ఒక రకంగా పెట్టుకోవాలి, తెలియకపోతే ఇంకో రకంగా. అది చూసి చెబుతాను.